కరెంటు కార్ల సంతకు అక్కా నేనూ

మా అక్క సత్యవేడులో బ్యాటరీ ఆటో తోలుతుంది. నాకంటే ఆరేళ్ళు పెద్దది, యాభై మూడో ఏడు నడుస్తోంది. ఆ ఆటో కొన్న కొత్తలో మా బంధువుల్లో నవ్వనివాళ్ళు లేరు. ఆడమనిషి ఆటో తోలడం ఒక నవ్వయితే, చప్పుడు చేయని ఆటో కొనడం ఇంకో నవ్వు. "హారన్ కొట్టకుండా ఎనక నుంచి వస్తే జనం దడుసుకోరా?" అని మా బావ కూడా అన్నాడట. అక్క పొద్దున టీచర్లను బడికి, పగలు శెనక్కాయల మూటలను గానుగకు, సాయంత్రం పాలక్యాన్లను కేంద్రానికి చేరవేస్తూ, మధ్యలో ఖాళీ దొరికితే సరిహద్దు దాటి తమిళ ఊళ్ళకు కూడా బాడుగలకు పోతూ, మూడేళ్ళలో ఆ ఆటోను అరగదీసింది.

ఆ అరగదీసినందుకే ఆమెకు పిలుపు వచ్చింది. తిరుపతిలో ఆమె ఆటో కొన్న కొట్టువాళ్ళు ఒకరోజు ఫోన్ చేశారు. చెన్నైలో కార్ల ప్రదర్శన జరుగుతోంది, దేశదేశాల నుంచి వస్తున్నారు, అన్నీ పొగలేని బండ్లే, మీకు రెండు పాసులు పంపిస్తాం అన్నారు.

"నాకెందుకప్పా?" అని అడిగిందట అక్క.

"మా దగ్గర కొన్నోళ్ళలో మీ అంత తిప్పినోళ్ళు ఎవురూ లేరమ్మా" అన్నాడట కొట్టాయన.

ఆ ఫోన్ పెట్టేసి నాకు చేసింది. నేను తిరుపతిలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. సర్టిఫికెట్ల మీద ముద్రలు వేస్తున్న వేళ ఫోన్ మోగింది.

"ఏమే, శనివారం సెలవు పెట్టు. మద్రాసు పోదాం."

"ఎవరికి బాగలేదక్కా?" అన్నాను. మా ఇళ్ళలో మద్రాసు అంటే ఆస్పత్రి అనే అర్థం.

"ఎవురికీ ఏమీ లేదే. కార్లు సూడను పోదాం."

"నాకెందుకక్కా కార్లు? బావను తీసుకుపో."

"మీ బావ నాట్లలో ఉండాడు. లేకున్నా ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆడికి దొరలొస్తారంట. నేను అడగాల్సినవి శానా ఉండాయి. నువ్వు ఇంగ్లీషులో అడగాల."

నా ఇంగ్లీషు సంగతి అక్కకు తెలియదు. ఇరవై ఏళ్ళుగా సెలవు చీటీలూ, పై ఆఫీసులకు విన్నపాలూ రాసీ రాసీ నా ఇంగ్లీషు కాగితం మీద దర్జాగా నడుస్తుంది. నోట్లోకి వచ్చేసరికి కుంటుతుంది. అది చెబితే అక్క వింటుందా? శుక్రవారం ఆఫీసు అయిన వెంటనే సత్యవేడు బస్సెక్కాను.

నేను చేరేసరికి అక్క రెండు చీరలు ఇస్త్రీ చేసి, క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి ప్రశ్నలు రాసుకుంటోంది. పదకొండు ప్రశ్నలు. బావ పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఈ సదువు పదో తరగతిలో సదివుంటే ఈపాటికి కలెక్టరమ్మ అయ్యుండును" అన్నాడు. అక్క తల ఎత్తకుండా, "అయ్యుంటే నీకు శెనక్కాయలు ఎవురు తోలేది?" అంది.

మర్నాడు చింతపండన్నం కట్టుకుని, ఊత్తుకోట మీదుగా పోయే బస్సులో చెన్నై చేరి, ఇంకో సిటీ బస్సు మారి, పది దాటేసరికి ప్రదర్శన గేటు దగ్గర దిగాము. లోపల అడుగుపెట్టగానే ఇద్దరం ఒకేసారి ఆగిపోయాము. ఇంత పెద్ద కొట్టం నా జన్మలో చూడలేదు. నేల అద్దంలా మెరుస్తోంది. కప్పు ఎక్కడుందో మెడ విరిచి చూస్తే గానీ తెలియదు. గరుడసేవ నాడు వాహనం ముందు కూడా నేను అంత వెలుగు చూడలేదు. ఆ వెలుగంతా ఒక తెల్ల కారు మీద పడుతోంది. ఆ కారు ఒక గుండ్రటి పీట మీద తనంతట తాను తిరుగుతోంది.

"ఇదేందే, కారును తిరగలి మాదిరి తిప్పతా ఉండారు?" అంది అక్క.

నాకు నవ్వు మొదలయింది. ఆ నవ్వు ఇక ఆ రోజంతా ఆగలేదు.

ఒక కారు తలుపులు పక్కకు కాకుండా పైకి లేచాయి. పులికాట్‌లో కొంగ రెక్కలు విప్పినట్టు ఉందని నేనంటే, పైకి ఎగురుతుందేమో సూద్దామని అక్క అక్కడే నిలబడిపోయింది. ఒక కారు సీట్లు కొబ్బరి పీచుతో చేశారని బోర్డు పెట్టారు. అక్క గిల్లి చూసి, "దీనికంటే మన నులక మంచమే మెత్తన" అని తీర్పు చెప్పింది. ఇంకో కారుకు కప్పంతా సోలార్ పలకలే. "ఎండలో పెట్టి మర్సిపోవచ్చు, అప్పడాల మాదిరి" అంది. ఆమె మాట్లాడే ప్రతి మాటకూ నేను నవ్వడం, నేను నవ్వుతున్నానని ఆమె నవ్వడం. సూటు బూటు వేసుకున్న మనుషులు మా వైపు చూసి తామూ చిన్నగా నవ్వి పక్కకు తప్పుకుంటున్నారు. నేను ఆఫీసులో ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మనిషిని. నన్ను ఆ పూట మా ఆఫీసువాళ్ళు చూసి ఉంటే వేరే మనిషి అనుకునేవాళ్ళు.

హైడ్రోజన్‌తో నడిచే కారు దగ్గర అసలు కథ జరిగింది. దాని పొగగొట్టంలోంచి పొగకు బదులు నీళ్ళు వస్తాయట. నిజంగానే ఒక గాజు గిన్నె పెట్టారు, అందులోకి చుక్క చుక్కగా పడుతున్నాయి. నేను బోర్డు చదివి అక్కకు చెప్పి ఇటు తిరిగేలోగా, ఆమె అడ్డంగా కట్టిన తాడు కింద నుంచి చెయ్యి చాపి, అరచేతిలో నాలుగు చుక్కలు పట్టి నోట్లో వేసుకుంది.

"అక్కా!" అన్నాను.

"ఏమీ రుచి లేదే. ఉప్పూ లేదు, సప్పా లేదు" అంది నాలుక చప్పరిస్తూ.

అక్కడున్న కాపలా మనిషి మమ్మల్ని కోప్పడాలో, అక్కకు ఏమవుతుందోనని భయపడాలో తెలియక చూస్తూ ఉండిపోయాడు. మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, నవ్వు ఆపుకోలేక పక్క హాలులోకి పరుగెత్తాము. ఆ వయసులో చీరలు ఎత్తిపట్టుకుని పరుగు!

పక్క హాలులో చిన్న కార్లూ, సామాన్లు మోసే చిన్న బండ్లూ ఉన్నాయి. ఇక్కడికి వచ్చేసరికి అక్క ముఖం మారిపోయింది. నవ్వడం మానేసి బండ్ల కిందికి వంగి చూడసాగింది. ఒక చిన్న ఆకుపచ్చ కారు దగ్గర నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక విదేశీ ఆవిడ నిలబడి ఉంది. మెడలో చీటీ చూస్తే ఇంజనీరని రాసుంది. అక్క క్యాలెండరు కాగితం తీసింది.

"అడుగు. ఈ బండి నీళ్ళలో దిగితే ఏమవుతాదో అడుగు."

అడిగాను. మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టి పరీక్ష చేశామని ఆవిడ చెప్పింది. చెప్పాను.

"మంచినీళ్ళు కాదు, బురద నీళ్ళని చెప్పు."

బురద నీళ్ళకు నా నోటికి ఇంగ్లీషు అందలేదు. మట్టి వాటర్ అన్నాను, సాయిల్ వాటర్ అన్నాను. ఆవిడ మర్యాదగా తల ఊపుతోంది గానీ ఏమీ అర్థం కాలేదని తెలుస్తూనే ఉంది. అక్క నన్ను పక్కకు నెట్టి తన ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది. వానాకాలంలో వాగు పొంగి చప్టా మీద ఎర్రటి నీళ్ళు పారుతున్నాయి, ఆ నీళ్ళ మధ్యలో అక్క ఆటో, చక్రాలు సగం మునిగి. ఆవిడ ఆ ఫోటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసింది.

"నీళ్ళు ఆరిపోతాయి. బురద పోదు" అని అక్క నాకు చెప్పింది, చాలా నిదానంగా, నేను పొరపాటు చేయకూడదని. "సీటు కింద వైర్లు కలిసే కాడ మెత్తగా పేరుకుంటాది. ఆ పొద్దు బండి బాగానే పోతాది. ఎండి గట్టిపడినాక మూడో నాడు యాడనో ఒకసోట నిలిచిపోతాది. అది చెప్పు."

అది నేను చెప్పగలిగాను. చెబుతున్నంతసేపూ ఆవిడ కళ్ళు పెద్దవవుతూ వచ్చాయి. "మీరేం చేశారు?" అని అడిగింది. అక్క ఇక నా తర్జుమా కోసం ఆగలేదు. కార్పెట్ మీద మోకాళ్ళ మీద కూర్చుని, పైట చెంగును వైరులా పట్టుకుని చూపించింది. వైరును నేరుగా పైకి పోనీయకుండా ముందు కిందికి వేలాడదీసి, అక్కడి నుంచి పైకి తీసుకుపోవాలి. నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, పైకి ఎక్కవు. కలిసేచోట పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కట్టాలి. ఆవిడ కూడా అక్క పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఇద్దరూ కారు కింద తల పెట్టి ఏదో చూస్తున్నారు. ఒకరికి ఇంగ్లీషు రాదు, ఒకరికి తెలుగు రాదు, నా అవసరం ఇద్దరికీ లేదు. వచ్చే పోయే జనం ఆగి చూస్తున్నారు. నేను రెండు చేతి సంచులూ పట్టుకుని, మా అక్క, మా అక్క, అని ప్రతివాళ్ళకూ చెబుతున్నాను.

ఆవిడ లేచి చిన్న పుస్తకంలో బొమ్మ గీసుకుంది. "మేము పరీక్షలకు శుభ్రమైన నీళ్ళే వాడుతున్నాం" అంది నాతో, కొంచెం సిగ్గుపడుతూ. అది అక్కకు చెబితే, "మా వాగు నీళ్ళు ఒక ట్యాంకరు పంపిస్తానని చెప్పు" అంది. ఆవిడ పెద్దగా నవ్వింది. నవ్వి, బయట ట్రాక్ ఉంది, ఈ కారును మీ అక్క నడిపి చూసి ఎలా ఉందో నాకు చెప్పాలి అంది.

అక్క కొంగు నడుముకు బిగించింది.

ట్రాక్ దగ్గర బల్ల ముందు కూర్చున్న తమిళావిడ లైసెన్సు అడిగింది. అక్క ఇచ్చింది. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి తల అడ్డంగా ఊపింది. సరిహద్దు మనిషి కాబట్టి అక్కకు తమిళం నీళ్ళలా వచ్చు. ఇద్దరూ కాసేపు గట్టిగా మాట్లాడుకున్నారు. అక్క నా వైపు తిరిగి, "నాది మూడు సెక్రాల బండి లైసెన్సంట. దీనికి నాలుగు సెక్రాలుండాయంట. తోలకూడదంట" అంది. వాగు దాటిన మనిషి, ఎప్పుడూ అంత చిన్నబోగా నేను చూడలేదు.

నాకు నా చేతిసంచి గుర్తొచ్చింది. అందులో నా కారు లైసెన్సు ఉంది. పద్దెనిమిదేళ్ళ కిందట మా ఆయన బలవంతం మీద తీసుకున్నది. డ్రైవింగు బడిలో నలభై రోజులు నేర్చుకున్నాను గానీ నాకూ క్లచ్‌కూ ఒక్కరోజు కూడా కుదరలేదు. నేను ఎడమకాలు ఎత్తితే బండి కుప్పిగంతు వేసి ఆగిపోయేది. నేర్పే ఆయన ప్రతిసారీ ముందు అద్దానికి తల కొట్టుకునేవాడు. పరీక్షనాడు మాత్రం ఏ దేవుడు కరుణించాడో, ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ మధ్యాహ్నమే మళ్ళీ స్టీరింగు ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను. అప్పటినుంచీ ఆ లైసెన్సు రైలు ప్రయాణాల్లో గుర్తింపు కార్డుగా పనికొస్తోంది.

దాన్ని తీసి బల్ల మీద పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ చెప్పలేను.

తమిళావిడ చూసింది. ఇంకా రెండేళ్ళు గడువుంది. టక్కున నా పాసు మీద స్టాంపు వేసింది.

"నువ్వా?" అంది అక్క. "నువ్వు తోలతావా?"

"నువ్వు వెనక కూర్చోని చెప్పు, నేను తోలతా."

అంటే, బండి తోలడం వచ్చిన మనిషికి లైసెన్సు లేదు, లైసెన్సు ఉన్న మనిషికి తోలడం రాదు. ఈ మాట అక్కే అంది, కారెక్కుతూ. ఇద్దరికీ మళ్ళీ నవ్వు.

నా పక్క సీట్లో ఆ ట్రాక్ మీద నేర్పే ఆయన కూర్చున్నాడు. నిండు మీసాలు, గంభీరమైన ముఖం. తమిళం తప్ప ఇంకో భాష మాట్లాడడు. ఆయన చెప్పేది వెనక సీటు నుంచి అక్క తెలుగులో చెబుతోంది.

"కుడికాలు ఒక్కటే వాడమంటాడు. ఎడమకాలు మడిసి పెట్టుకోమంటాడు."

"క్లచ్ ఎక్కడుంది, అడుగు."

అక్క అడిగింది. ఆయన చెప్పాడు.

"లేదంట."

"లేదంటే? ఎక్కడ పెట్టారు?"

"యాడా పెట్టలేదే! అసలు లేదు!"

కిందికి వంగి చూశాను. నిజమే, రెండే పెడళ్ళు. పద్దెనిమిదేళ్ళు నేను భయపడిన వస్తువు ఈ బండిలో తయారే కాలేదు. నాకు ఏడుపో నవ్వో తెలియనిది ఒకటి పొట్టలోంచి తన్నుకొచ్చింది.

"సరే, స్టార్ట్ చేసి ఇమ్మను" అన్నాను.

"అయిందంటాడు."

"ఎప్పుడు?"

"ఇందాకనే. పోనీ."

కుడికాలు తాకీ తాకనట్టు పెట్టాను. కారు కదిలింది. చప్పుడు లేదు, కుదుపు లేదు. పరుపు మీద కూర్చోబెట్టి ఎవరో లాక్కెళుతున్నట్టు ఉంది. ఆ నిశ్శబ్దంలో మా ముగ్గురి ఊపిరి వినిపిస్తోంది. కాసేపటికి మీసాలాయన ఏదో అన్నాడు. "ఎండలో నడిసి పోయేవాళ్ళు మనల్ని దాటి పోతా ఉండారంటాడు" అంది అక్క.

రోషం వచ్చి నొక్కాను. కారు ముందుకు దూకింది. నేను అరిచాను, అక్క అరిచింది, మీసాలాయన పైనున్న పిడి పట్టుకున్నాడు. భయపడి కాలు తీసేస్తే బండి దానంతట అదే నెమ్మదించి బుద్ధిగా ఆగిపోయింది. "ఆగిందే! నువ్వు తిట్టకముందే ఆగింది!" అని అక్క వెనక నుంచి నా భుజం చరిచింది.

తర్వాత ఒక చిన్న మిట్ట వచ్చింది. మిట్ట మధ్యలో ఆపి మళ్ళీ ఎక్కించాలట. డ్రైవింగు బడిలో నా పరువు పోయింది అక్కడే. ఆపాను. కళ్ళు మూసుకున్నాను. బండి వెనక్కి జారుతుందని ఎదురు చూశాను. జారలేదు. కాలు పెడితే చీమలా ఎక్కింది. పై నుంచి చూస్తే ట్రాక్ చివర నీళ్ళు నింపిన గుంట.

"దించు!" అంది అక్క. "దించవే, నిలపొద్దు!"

దించాను. రెండు పక్కలా నీళ్ళు రెక్కల్లా లేచి కారు అద్దాల మీద పడ్డాయి. అక్క సంతోషం పట్టలేక తమిళంలో ఏదో కేక పెట్టింది. మీసాలాయన మొదటిసారి నవ్వాడు, పళ్ళన్నీ కనబడేలా. మలుపులో దారి గుర్తుగా పెట్టిన ఒక ఎర్ర దిమ్మెను గుద్ది పడేశాను, అది కూడా చెప్పాలి. రబ్బరుది, దానికేమీ కాలేదు.

మొదలుపెట్టిన చోటికి వచ్చి ఆపాను. మా ఇంజనీరావిడ అక్కడే నిలబడి ఉంది. కిటికీ దగ్గరకు వంగి, ఎలా ఉంది అని అడిగింది. ఆ క్షణంలో నా ఇంగ్లీషు ఆఫీసు కాగితాల్లోంచి లేచి నిలబడింది.

"కైండ్లీ గ్రాంట్ వన్ మోర్ రౌండ్, మేడమ్" అన్నాను.

ఆవిడ నవ్వి మీసాలాయనకు సైగ చేసింది. మనిషికి ఒక్కసారే అని ఆయన గొణిగాడు. అక్క ముందుకు వంగి ఆయన చెవిలో తమిళంలో చెప్పింది. "మా చెల్లెలు పద్దెనిమిదేళ్ళ నుంచి కాసుకుని ఉండాది" అని చెప్పానని తర్వాత నాతో అంది. రెండో చుట్టు తిరిగాము. ఈసారి నడిచేవాళ్ళను దాటాము.

మధ్యాహ్నం ప్రదర్శన మెట్ల మీద కూర్చుని చింతపండన్నం విప్పాము. ముద్ద నోట్లో పెట్టుకోబోవడం, ఏదో గుర్తొచ్చి నవ్వడం. అన్నం సగం నేల పాలయింది. తిరుగు బస్సులో కూడా అదే. ముందు సీటు పెద్దమనిషి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, మూడోసారి, "ఏం జరిగిందమ్మా, మాకూ చెప్పండి" అన్నాడు. అక్క చెప్పింది. ఊత్తుకోట దాటేసరికి బస్సులో సగం మంది వింటున్నారు.

సత్యవేడు చేరి మా ఆయనకు ఫోన్ చేశాను. "కారు తోలినాను" అన్నాను.

"ఏ కారు?"

"కరెంటు కారు. రెండు చుట్లు. నీళ్ళలో కూడా."

"ఫోన్ మీ అక్కకియ్యి" అన్నాడు.

అక్క ఫోన్ తీసుకుని, "నిజమేనప్పా, కూర్సోని సూసినాను కదా. ఒక దిమ్మెను మాత్రం కొట్టింది" అంది.

రెండు నెలల తర్వాత, ఆ రోజు నేను రాసిచ్చిన అడ్రసుకు ఆ ఇంజనీరావిడ నుంచి మెయిల్ వచ్చింది. కారు కింద వైర్లు కలిసే చోటుకు కొత్త బొమ్మ గీసి పంపింది. కిందికి వంపు తిరిగిన వైరు, దాని చుట్టూ రబ్బరు తొడుగు. మీ అక్క ఏమంటారో కనుక్కోండి అని రాసింది. ప్రింటు తీసి సత్యవేడు తీసుకుపోయాను. అక్క ఆటోలో కూర్చుని కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, వంపు ఇంకా రెండు వేళ్ళు కిందికి రావాలని పెన్నుతో గీత గీసింది. ఆ గీతకు ఫోటో తీసి పంపించాము. మీ అక్క చెప్పిందే సరి అని మర్నాడే జవాబు వచ్చింది. ఆ ఏడే అక్క నాలుగు చక్రాల లైసెన్సు పరీక్షకు పోయి మొదటి దెబ్బకే పాసయింది.

నేను మళ్ళీ డ్రైవింగు బడిలో చేరాను, ఈసారి క్లచ్ లేని కారున్న బడి వెతుక్కుని. మూడో వారం చంద్రగిరి దాకా తోలమని నేర్పే ఆవిడ చెప్పింది. మా ఆయన కూడా వస్తానని వెనక ఎక్కాడు. దారి పొడవునా ఒక చెయ్యి ముందు సీటు మీద, ఒక చెయ్యి తలుపు మీద పెట్టుకుని కూర్చున్నాడు. లారీలు దాటాయి, పెళ్ళి బస్సు ఒకటి దాటింది, ఒక గేదె తీరిగ్గా రోడ్డు దాటేదాకా ఆగాను. చంద్రగిరిలో టీ కొట్టు ముందు నీడ చూసి ఆపాను. ఆయన దిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, మూడు టీలు చెప్పాడు.

టీ తాగుతూ, "పొయ్యేటప్పుడు కూడా నువ్వే తోలు" అన్నాడు.